కుసుమ కాంపౌండ్

ఇంద్రజ అంటే కుసుమకు పడదు. ఎందుకు పడదని నిలదీస్తే చెప్పుకోదగ్గ కారణం ఒక్కటీ దొరకదు. ఆ పిల్ల ఎదురు మాట్లాడదు. అక్కా అక్కా అంటూ వెనకాలే తిరుగుతుంది. ల్యాబ్‌లో తన గాజుసామానుతోపాటు కుసుమదీ కడిగి సర్దిపెడుతుంది. ఒళ్ళు మండించేది అదే. తిట్టడానికి సందివ్వని మనిషిని పక్కన పెట్టుకుని రోజంతా పనిచేయడం ఎంత నరకమో, ఆ అవస్థ పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

కుసుమది తెనాలి. గుంటూరులో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదివి ఆక్లండ్‌కు పీహెచ్‌డీ చేయడానికి వచ్చింది. ఇప్పుడు మూడో ఏడు. మౌంట్ రాస్కిల్‌లో మరో ఇద్దరమ్మాయిలతో కలిసి ఒక ఫ్లాట్‌లో ఉంటుంది. పొద్దున్నే బస్సు, సగం రోజులు వాన, మధ్యాహ్నం డబ్బాలో ముందురోజు అన్నం, శాండ్రింగం కొట్లో కొన్న మాగాయ. ఇంద్రజది కరీంనగర్. వచ్చి ఏడాది కూడా కాలేదు. ఫ్లాట్ బుష్ అనే పేటలో బాబాయి మధుసూదన్ ఇంట్లో ఉంటుంది. ఆయన తన ఐటీ ఆఫీసుకు పోతూ కారులో దించిపోతాడు. పిన్ని సర్వపిండి చేసి, వేడి పోకుండా చుట్టి ఇస్తుంది. ఇంద్రజ అందులో సగం విరిచి కుసుమకు పెడుతుంది. కుసుమ తింటుంది, బాగుందంటుంది, లోపల కుళ్ళుకుంటుంది.

అయినా కారూ సర్వపిండీ ఎంతలెండి! వాటితో ఎలాగో సర్దుకుపోవచ్చు. సర్దుకుపోలేనిది కాంపౌండ్ విషయంలోనే.

కర్బన పరమాణువులు రెండు కలిసి జంట బంధం కట్టుకోవడం వింతేమీ కాదు, స్కూలు పుస్తకాల్లోనే ఉంటుంది. తగరం, జెర్మేనియం లాంటి బరువైన మూలకాలకు మాత్రం అది బొత్తిగా అచ్చిరాదు. బలవంతాన కట్టబెట్టినా కాస్త గాలి తగిలితే చాలు, తెంపుకుని కూర్చుంటాయి. అలాంటి తగరానికీ జెర్మేనియానికీ మధ్య జంట బంధం నిలబెట్టింది కుసుమ. చుట్టూ లావుపాటి కర్బన గుంపులను కంచెలా పెట్టి, గాలి చొరబడని గాజుపెట్టెలో మోచేతులు దాటిన రబ్బరు తొడుగుల్లోకి చేతులు దూర్చి, నడుం పడిపోయేదాకా నిలబడి సాధించింది. చివరికి చిక్కటి ఆకుపచ్చ పొడి చేతికొచ్చింది. ల్యాబ్‌లో అందరూ ఆ సమ్మేళనాన్ని కుసుమ కాంపౌండ్ అనే పిలిచేవారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకు ఒక పూట అన్నం తిన్నంత బలం వచ్చేది.

పొడి చేయడంతో కథ అయిపోదు. ప్లాటినం లాంటి ఖరీదైన లోహాలు చిన్న చిన్న వాయువులను పట్టుకుంటాయి, పని కాగానే వదిలేస్తాయి. ఎన్నో కర్మాగారాలు ఈ పట్టుకోవడం, వదలడం మీదే నడుస్తున్నాయి. తగరం లాంటి చవక మూలకం ఆ పని చేస్తే ఎలా ఉంటుంది? కుసుమ కల అదే. ఎథిలీన్ అని ఒక వాయువు ఉంది, అరటికాయలు మాగబెట్టడానికి వాడతారే, అది. దాన్ని తన ఆకుపచ్చ ద్రావణం మీదికి వదిలి చూసింది. ఏమీ కాలేదు. మళ్ళీ చూసింది, మళ్ళీ మళ్ళీ చూసింది, ఏమీ కాలేదు. థీసిస్‌కు ప్రాణం పోసే అధ్యాయం ఇదొక్కటే. ఇది రాకపోతే, ఎందుకూ కొరగాని ఆకుపచ్చ పొడి ఒకటి చేశానని రాసుకుని వెళ్ళిపోవడమే.

ల్యాబ్ పెద్ద జూడిత్. ఇక్కడివాళ్ళ పద్ధతి ప్రకారం అందరూ ఆవిడను పేరుపెట్టే పిలుస్తారు. కుసుమకు మాత్రం మొదటి ఏడంతా నోట్లోంచి మేడమ్ తప్ప ఇంకో మాట వచ్చేది కాదు. ఆ జూడిత్ ఒకరోజు మార్నింగ్ టీ దగ్గర చల్లగా చెప్పింది. "కుసుమా, నువ్వు ఇక అమోనియా సంగతి చూడు. ఎథిలీన్ ఇంద్రజ ఒకసారి చేస్తుంది. కొత్త చేయి పడితే మంచిదే."

కొత్త చేయి! ఆ మాట కుసుమ గుండెల్లో ముల్లులా దిగింది. కన్న తల్లిని పక్కన కూర్చోబెట్టి, పిల్లను నిన్నగాక మొన్న వచ్చినావిడ ఒళ్ళో పెట్టినట్టుంది. పైగా పని నేర్పే బాధ్యత కూడా కుసుమదే.

నేర్పింది. అందులో లోపం చేయలేదు. గొట్టంలోని ద్రావణాన్ని ద్రవ నత్రజనిలో ముంచి గడ్డకట్టించాలి, గ్యాస్ వదలాలి, కరగనివ్వాలి, కాసేపు తిప్పాలి. ఆ వెంటనే పంప్ పెట్టి, మిగిలిన గ్యాస్‌నూ ద్రావణినీ పూర్తిగా లాగేసి, పొడిగా ఎండబెట్టి, అప్పుడు పరీక్షకు పంపాలి.

"ఎండబెట్టకుండా ఏదీ నమ్మకు. గుంటూరులో మా రామలింగేశ్వరరావు మాస్టారు పంప్ పెట్టనివాడి రిజల్ట్ మొహాన కొట్టేవారు," అంది కుసుమ.

"సరే అక్కా. గట్లనే చేస్త," అంది ఇంద్రజ.

రంగు గురించి కూడా చెప్పింది. చలిలో ఈ ఆకుపచ్చ దానంతటదే పలచబడి పసుపుకు తిరుగుతుంది, వెచ్చబడితే మళ్ళీ ఆకుపచ్చ అవుతుంది. అది కనిపెట్టింది కుసుమే. గాలి తగిలినా పసుపే అవుతుంది గానీ, అది చావు పసుపు. అక్కడినుంచి వెనక్కి రావడం ఉండదు.

అది 2014 జూలై, ఇక్కడ నడి చలికాలం. ఒక సోమవారం పొద్దున కుసుమ తడిసిన గొడుగు మూలన పెట్టి లోపలికి వచ్చేసరికి ఇంద్రజ బల్ల దగ్గర జనం మూగి ఉన్నారు. నడుమ జూడిత్. ఆవిడ చేతిలో మూత బిగించిన గాజుగొట్టం. గొట్టం అడుగున లేత పసుపు స్ఫటికాలు, ఒక్కొక్కటి పెసరగింజంత, అంచులు తీర్చిదిద్దినట్టున్నాయి.

"అక్కా, జర ఇటు రాండ్రి," అని ఇంద్రజ కుసుమ చేయి పట్టుకుని లాగింది. "శుక్రారం బాబాయి తొందర పెట్టిండు. హాబ్సన్‌విల్‌ల ఎవరిదో బర్త్‌డే ఉండె. పంప్ పెట్టుడు మర్చిపోయిన. గ్యాస్ మీదనే మూత బిగిచ్చి ఫ్రీజర్‌ల పెట్టి ఉరికిన. ఇయ్యాల వచ్చి చూస్తే ఇవి ఉన్నయ్. బయట పెట్టి గంటయింది. వెచ్చవడ్డా పసుపు పోతలేదు!"

కుసుమ గొట్టం చేతిలోకి తీసుకుంది. చల్లగా లేదు. చలి పసుపు కాదన్నమాట. స్ఫటికాలు! తనకు ఈ గ్యాస్ పనిలో ఒక్క స్ఫటికం ఇసకరేణువంత కూడా దొరకలేదు. ల్యాబ్‌లో ఒక ఆనవాయితీ ఉంది, ఎవరికి మంచి స్ఫటికం దొరికితే వాళ్ళు మార్నింగ్ టీకి కేక్ చేసుకురావాలి. కుసుమ ఇన్నాళ్ళూ అందరి కేకులూ తిన్నదే గానీ తను తెచ్చే రోజు రాలేదు. అప్పుడే ఎవరో "ఇంద్రజా, కేక్!" అని అరవనే అరిచారు. ఇంద్రజ సిగ్గుపడి, పిన్నితో మైసూర్‌పాక్ చేయించి తెస్తానంది. తిని చస్తాం అనుకుంది కుసుమ.

"ఇది నీ కాంపౌండ్. నువ్వేమంటావు?" అని అడిగింది జూడిత్.

"గాలి తగిలింది," అంది కుసుమ. గొంతు మామూలుగా ఉండేలా చూసుకుంది. "మూత సరిగ్గా బిగించి ఉండదు. ఇది చచ్చిపోయిన సరుకు."

ఇంద్రజ మొహం వాడిపోయింది. అది చూసి కుసుమకు ఎంత హాయిగా అనిపించిందో చెప్తే మీరు ఆమెను అసహ్యించుకుంటారు. అనిపించిన మాట మాత్రం నిజం.

"ఉండొచ్చు," అంది జూడిత్. "రేపు పొద్దున ఎక్స్-రే మిషన్ మనకిచ్చారు. స్ఫటికం లోపల ఏముందో అదే చెప్తుంది. అందాకా దీన్ని ఇలాగే ఉంచండి." ఆవిడ పాఠం చెప్పడానికి వెళ్ళిపోయింది. మిగతావాళ్ళు ఎవరి పనుల్లోకి వాళ్ళు పోయారు.

కుసుమ కూర్చోలేకపోయింది. అమోనియా గొట్టం ముందు నిలబడింది గానీ ధ్యాసంతా ఆ పసుపు మీదే. రేపు ఎక్స్-రేలో ఎథిలీన్ కనబడితే? తగరానికీ జెర్మేనియానికీ నడుమ బుద్ధిగా కూర్చుని కనబడితే? అప్పుడు పేపర్ ఇంద్రజది, అధ్యాయం ఇంద్రజది. కుసుమ కాంపౌండ్ కాస్తా ఇంద్రజ కాంపౌండ్ అయిపోతుంది. పంప్ పెట్టడం మర్చిపోయి బర్త్‌డే పార్టీకి పరిగెత్తిన పిల్లకు! కాదు, అలా జరగడానికి వీల్లేదు. అది గాలి తగిలిన సరుకే అయితీరాలి. గాలి తగిలిన సరుకు అంత శుభ్రంగా స్ఫటికం కట్టదని ఆమెకు తెలుసు. తెలిసీ ఆ ఆలోచనను మెడపట్టి బయటికి గెంటింది.

లేచి వెళ్ళి గొట్టం తీసుకుంది.

"ఏం చేస్తున్రు అక్కా?"

"ఎండబెడుతున్నా. చెత్తను ఎక్స్-రేలో పెట్టి నలుగురిలో నవ్వులపాలవుదామా? ఎండబెడితే పసుపు పొడి మిగుల్తుంది. అరగంటలో తేలిపోతుంది."

"వద్దక్కా, పంప్ పెట్టకుండ్రి! స్ఫటికాలు ఖరాబైతయ్. అన్నీ గా గొట్టంలనే ఉన్నయ్. జూడిత్ గూడ ముట్టొద్దన్నది కదా."

"నీకు పని నేర్పింది ఎవరు? జూడిత్తా, నేనా?"

ఇంద్రజ చేయి ముందుకొచ్చి గొట్టాన్ని పట్టుకోబోయి, పెద్దదాని చేతిలోంచి లాక్కోవడం బాగుండదని ఆగిపోయింది. కుసుమ గొట్టాన్ని పంప్ లైనుకు తగిలించి మర తిప్పింది.

ముందు పైన మిగిలిన ద్రావణి బుసబుసమని పొంగి పోయింది. తర్వాత స్ఫటికాలు ఒక్కొక్కటిగా పగుళ్ళిచ్చాయి. వాటి మెరుపు పోయింది. తర్వాత, పగిలిన అంచుల దగ్గరనుంచి, రంగు మారడం మొదలైంది. కుసుమ వంగి చూసింది. లేత పసుపు నడుమ ఒక ఆకుపచ్చ మచ్చ, దాని పక్కన ఇంకొకటి. చూస్తూ చూస్తూ ఉండగానే గొట్టం అడుగంతా చిక్కటి ఆకుపచ్చ పొడి అయిపోయింది. ఆ ఆకుపచ్చను ఆమె నిద్రలో లేపి చూపించినా గుర్తుపడుతుంది. అది ఆమె కాంపౌండే, చెక్కుచెదరకుండా ఉంది.

గాలి తగిలిందయితే తిరిగి రాదు. తిరిగి వచ్చిందంటే అది ఎథిలీన్‌ను పట్టుకుని ఉంది, పంప్ లాగగానే వదిలేసింది. పట్టుకోవడం, వదలడం. ప్లాటినం చేసే పని.

కుసుమ స్టూల్ మీద కూలబడింది. తను చేసిన ప్రయోగాలన్నీ కళ్ళముందు తిరిగాయి. నత్రజనిలోంచి తీసిన ప్రతి గొట్టమూ కరుగుతూ పసుపుగా ఉండేది. చలివల్లే అనుకుంది. చలి పసుపు కనిపెట్టిన మనిషి కదా, ఇంకేమనుకుంటుంది? వెచ్చబడేదాకా ఆగలేదు, మాస్టారి మాట ప్రకారం వెంటనే పంప్ పెట్టింది. ఆకుపచ్చ తిరిగొచ్చేది. ఏమీ కాలేదని రాసుకునేది. ప్రతిసారీ అయింది. ప్రతిసారీ తనే, తన చేతులతోనే, అంత శ్రద్ధగా, అయినదాన్ని కానట్టు చేసి పారేసింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి తనకూ ఎవరింట్లోనో బర్త్‌డే ఉండి, పంప్ మర్చిపోయి పరిగెత్తి ఉంటే!

ఇంద్రజ ఏడుస్తోంది. చప్పుడు చేయకుండా, స్వెటర్ చేతిని కళ్ళకు అదుముకుని ఏడుస్తోంది. "మీరు కావాలనే చేసిన్రు," అంది. "మీకు నేనంటే పడదని నాకు ఎర్కేనక్కా. అయినా గింత చేస్తరనుకోలే."



సరిగ్గా అప్పుడే జూడిత్ పాఠం ముగించుకుని వచ్చింది. పంప్‌కు తగిలించి ఉన్న గొట్టాన్ని చూసింది. ఆవిడ మొహం గట్టిపడింది. "స్ఫటికాలు ఏమయ్యాయి? ఎవరు చేశారు ఇది?"

కుసుమ నోరు తెరిచేలోపే ఇంద్రజ కళ్ళు తుడుచుకుని ముందుకొచ్చింది. "పంప్ పెడితే రంగు తిరిగొస్తుందేమో చూద్దామని కుసుమక్క అన్నది. మేమిద్దరం కలిసే చేశాం. చూడండి, ఆకుపచ్చ వచ్చింది," అంది ఇంగ్లీషులో.

జూడిత్ గొట్టాన్ని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత తనే కాస్త ద్రావణి పోసి, ఎథిలీన్ మర తిప్పి కదిపింది. ఈసారి నత్రజని లేదు, చలి లేదు. గది వెచ్చదనంలోనే ఆకుపచ్చ నెమ్మదిగా పలచబడి పసుపు అయింది. పంప్ పెట్టింది, ఆకుపచ్చ. గ్యాస్ ఇచ్చింది, పసుపు. ఆ పెద్దమనిషి చిన్నపిల్లలా నవ్వింది. "వదిలేస్తోంది! కుసుమా, పట్టుకోవడం ఒక వంతు, వదలడం పది వంతులు. స్ఫటికాలు మళ్ళీ పెంచుకోవచ్చు. ఈ ఆలోచన నీకు ఎలా వచ్చింది?"

కుసుమ ఇంద్రజ వైపు తిరిగింది. జూడిత్ ఎదురుగానే, ఆవిడకు అర్థం కాని భాషలో అడిగింది. "ఎందుకలా చెప్పావ్?"

"మీ కాంపౌండే కదక్కా," అంది ఇంద్రజ. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. "మూడేండ్లు కష్టపడ్డరు. మీకు రాకపోతే ఎట్ల?"

చెంప పగలగొట్టినా కుసుమకు అంత నొప్పి ఉండేది కాదు. స్ఫటికాలు ఈ పిల్లకే దొరికాయి, కారు ఈ పిల్లకే ఉంది, పిన్ని ఈ పిల్లకే ఉంది. ఆఖరికి మంచితనం కూడా ఈ పిల్ల దగ్గరే పోగుపడింది. తనకు మిగిలింది ఏమిటి? సగం సర్వపిండి ముక్క విరిచి పెట్టినట్టు, ఇప్పుడు సగం రిజల్ట్ విరిచి పెడుతోంది. తను చేయి చాచి తీసుకోవాలి, బాగుందనాలి.

ఆ ల్యాబ్‌లో కొత్త పేపర్ మొదలయిన రోజున పొగలు లాగే ఫ్యూమ్ కప్‌బోర్డ్ అద్దం మీద రాసేవాళ్ళ పేర్లు వరుసగా రాసుకుంటారు. మొదటి పేరు ఎవరిదైతే పని వాళ్ళదని లెక్క. జూడిత్ అప్పుడే మార్కర్ మూత తీసి, ముందు కుసుమ పేరు రాసింది. ఇంద్రజ పేరు రాయడానికి చేయి ఎత్తింది.

కుసుమ తన పేరును చూసింది. కావలసిందంతా ఆ అద్దం మీదే ఉంది. థీసిస్ గట్టెక్కుతుంది, పేపర్ తనదవుతుంది, కాంపౌండ్ తన పేరుమీదే ఉంటుంది. నోరు మూసుకుంటే చాలు. నోరు మూసుకోవడానికే సిద్ధపడింది కూడా. కానీ పక్కన నిలబడ్డ ఇంద్రజ ఆ పేరు చూసి, ఏడ్చిన మొహంతోనే సంతోషంగా తల ఊపింది. ఇంకేమైనా భరించేదేమో గానీ, ఆ తల ఊపడం కుసుమ భరించలేకపోయింది.

"అది అబద్ధం," అంది జూడిత్‌తో. "నాకు ఏ ఆలోచనా రాలేదు. గాలి తగిలిందని రుజువు చేద్దామని పంప్ పెట్టాను. ఇంద్రజ వద్దని బతిమాలింది. నేను వినలేదు. స్ఫటికాలు పోతాయని తెలిసే పెట్టాను."

జూడిత్ మార్కర్ దించింది. "ఇంతకుముందు నువ్వు చేసినప్పుడు ఈ పసుపు ఎప్పుడూ చూడలేదా?"

"రోజూ చూశాను. చలి అనుకున్నాను."

"ఎందుకక్కా చెప్పిన్రు?" అని ఇంద్రజ గొణిగింది. "నేను చెప్పకపోతుంటి. ఎవరికీ తెల్వకపోతుండె."

"నువ్వు ఇస్తే తీసుకోవడం నావల్ల కాదు," అంది కుసుమ. నిజాయితీ అని ఎవరైనా మెచ్చుకుంటారేమోనని కూడా ఆమెకు భయం వేసింది. అది నిజాయితీ కాదు. ఆ పిల్ల మీద కడుపుమంటే ఆ మాట అనిపించింది. ఆ మంట ఇసుమంత కూడా తగ్గలేదు.

జూడిత్ కోప్పడుతుందేమో అనుకుంది. ఆవిడ కోప్పడలేదు. ఓదార్చనూ లేదు. అద్దం మీది పేరును వేలితో తుడిచేసి, మార్కర్ తెచ్చి కుసుమ చేతిలో పెట్టింది. "జరిగింది నీకు తెలుసు. పేర్లు నువ్వే రాయి. నేను మార్చను," అని తన గదిలోకి వెళ్ళిపోయింది.

కుసుమ అద్దం ముందు నిలబడింది. వెనక ఇంద్రజ ఊపిరి వినిపిస్తోంది. ముందు ఇంద్రజ అని రాసింది. రాస్తుంటే ఒక్కో అక్షరానికీ కడుపు రగిలింది. పేపర్ మీద ఇంటిపేరు కూడా ఉండాలి కదా, అది రాయబోయి ఆగిపోయింది. బాబాయి ఏ ఆఫీసులో చేస్తాడో తెలుసు. కారు రంగు తెలుసు. డబ్బాలో ఏ రోజు ఏముంటుందో తెలుసు. మెయిళ్ళలో ఆ ఇంటిపేరు రోజూ కనబడుతూనే ఉండాలి, చదివిన గుర్తు మాత్రం లేదు.

"నీ ఇంటిపేరేంటి?" అని అడిగింది వెనక్కి తిరగకుండా.



"చింతకింది," అంది ఇంద్రజ.

కుసుమ రాసింది.